మరణరేఖ నుండి గడువు దాకా: ‘డెడ్‌లైన్’ అను సమాసపదం యొక్క చరిత్ర

పరీక్ష రుసుము చెల్లింపవలసిన రోజు దగ్గరపడినప్పుడును, ఉపకారవేతనాలకు దరఖాస్తులు పంపవలసిన తేదీ ముంచుకొని వచ్చినప్పుడును మన కళాశాలలలో అందరి నోట ఒకే మాట వినిపించును. అది ‘డెడ్‌లైన్’. ఇంట తెలుగు మాట్లాడు విద్యార్థియు, ఉర్దూ మాట్లాడు విద్యార్థియు ఈ మాటను ఒకే తీరున వాడుచున్నారు. దీని అర్థం ఎవరికిని చెప్పనక్కరలేదు. కాని ఈ పదాన్ని విడదీసి చూచిన వెంటనే ఒక సందేహం కలుగును. ‘డెడ్’ అనగా చచ్చిన, ‘లైన్’ అనగా గీత. రుసుము కట్టవలసిన తేదీకిని, చావుకును ఏమి సంబంధం? కాలాన్ని తెలుపవలసిన చోట గీత ఎందుకు వచ్చినది?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుటే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఒక్క పదం చరిత్రను సక్రమంగా పరిశీలించినచో పదవ్యుత్పత్తి శాస్త్రం ఎట్లు నడచునో, దానిలో పొరపడుటకు అవకాశం ఎక్కడ ఉన్నదో విద్యార్థులకు సులభంగా బోధపడునని మేము నమ్ముచున్నాము.

విగ్రహవాక్యం

సమాసాన్ని చూడగానే విగ్రహవాక్యం చెప్పుకొనుట మనకు అలవాటు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సమాసాలను సాంస్కృతికములు, ఆచ్ఛికములు, మిశ్రములు అని మూడు విధాలుగా విభజించినాడు. ఆ కొలతను ఆంగ్లానికి వర్తింపజేసినచో ‘డెడ్‌లైన్’ మిశ్రసమాసం అగును. ఏలయనగా ‘డెడ్’ అచ్చపు జర్మానిక్ పదం. ప్రాచీనాంగ్లం నుండియు ఆ భాషలో ఉన్నది. జర్మను భాషలోని ‘టోట్’, డచ్చి భాషలోని ‘డోడ్’ దీనికి తోబుట్టువులు. ‘లైన్’ మాత్రం లాటిన్ సంతతి. లాటిన్‌లో ‘లీనుమ్’ అనగా అవిసె మొక్క. ఆ మొక్క నారతో పేనిన దారం ‘లీనెయా’. దారాన్ని బిగలాగి పట్టినచో ఏర్పడునది సరళరేఖ. కనుక అవిసె నారయే క్రమంగా గీత అయినది. ‘లినెన్’ అను బట్ట పేరులో ఆ అవిసె నేటికిని నిలిచి ఉన్నది. మన దేశంలోను ఇట్టి పరిణామమే జరిగినది. సంస్కృతంలో ‘సూత్రం’ అనగా మొదట దారమే. తరువాత అది నియమాన్ని, సంక్షిప్త వాక్యాన్ని తెలుపు మాట అయినది.

విశేషణం ముందు, విశేష్యం వెనుక ఉన్నవి కనుక పై చూపునకు ఇది విశేషణ పూర్వపద కర్మధారయం వలె కనిపించును. అట్లైనచో ‘చచ్చినట్టి గీత’ అని విగ్రహం చెప్పవలెను. కాని గీతకు ప్రాణం ఉండదు, చావు ఉండదు. చచ్చునది గీత కాదు, గీత దాటినవాడు. కాబట్టి ‘దాటినచో మరణం కలిగించు గీత’ అని చెప్పుకొన్నప్పుడే అర్థం కుదురును. మధ్యనున్న మాటలు లోపించినవి. సంస్కృత వ్యాకరణంలో ‘శాకపార్థివ’ శబ్దానికి ‘శాకమునందు ప్రీతి గల రాజు’ అని విగ్రహం చెప్పునట్లు దీనినికూడ మధ్యమపదలోపి సమాసంగా గ్రహించుట సమంజసం. అయితే లోపించిన ఆ మాటలు ఏవో వ్యాకరణం చెప్పజాలదు. వాటిని చరిత్ర మాత్రమే చెప్పగలదు.

రూపం ఒకటి, జన్మ వేరు

చరిత్రలోనికి పోవుటకు ముందు ఒక హెచ్చరిక అవసరం. ‘డెడ్’ అను పదానికి ఆంగ్లంలో చచ్చిన అను అర్థం ఒక్కటే లేదు. కదలని, పని చేయని, చలామణిలో లేని, సంపూర్ణమైన అను అర్థాలును కలవు. చిరునామాదారు దొరకని ఉత్తరం ‘డెడ్ లెటర్’. అమ్ముడు పోని సరుకు ‘డెడ్ స్టాక్’. పందెంలో ఇద్దరు సరిసమానంగా గమ్యం చేరినచో అది ‘డెడ్ హీట్’.

చేపలు పట్టువారి భాషలో కదలక నిలిచి ఉండు గాలపుత్రాడును ‘డెడ్ లైన్’ అని 1860 ప్రాంతంలో వ్యవహరించినారు. రూపాన్ని బట్టి చూచినచో ఇదియే మన పదం. కాలాన్ని బట్టి చూచినను ఇది ముందుది. తొందరపాటు గల పరిశోధకుడు గాలపుత్రాడు నుండియే గడువు పుట్టినదని తీర్మానించి ఊరకుండును. కాని ఆ గాలపుత్రాటిలో ‘దాటరాదు’ అను భావం లేదు. నేటి పదంలో ప్రధానమైనది ఆ భావమే. రెండు మాటలు విడివిడిగా ఏ భాషలోనైనను సిద్ధంగా ఉన్నప్పుడు అవి వేర్వేరు సందర్భాలలో వేర్వేరుగా కలియవచ్చును. రూపసామ్యం బంధుత్వానికి చాలిన సాక్ష్యం కాదు.

అండర్సన్‌విల్ చెర

దాటినచో చావు తెచ్చు గీత ప్రపంచ చరిత్రలో నిజంగానే ఉన్నది. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల నడుమ అంతర్యుద్ధం జరిగినది. మొదట ఉభయ పక్షాలును తమకు చిక్కిన బందీలను మార్పిడి చేసికొనుచుండిరి. ఉత్తరాది సైన్యంలో చేరిన నల్లజాతి సైనికులను దక్షిణాదివారు తక్కిన యుద్ధఖైదీలతో సమానంగా చూచుటకు అంగీకరింపలేదు. ముఖ్యంగా ఈ కారణం చేత 1863లో మార్పిడి పద్ధతి కుంటువడినది. ఇరువైపుల చెరసాలలును క్రిక్కిరిసిపోయినవి.

దక్షిణాదివారు జార్జియా రాష్ట్రంలోని అండర్సన్‌విల్ గ్రామం వద్ద 1864 ఫిబ్రవరిలో ఒక చెర తెరచినారు. దానికి పైకప్పు లేదు. గదులు లేవు. దేవదారు దుంగలను నేలలో నిలువుగా పాతి 15 అడుగులకు పైబడిన ఎత్తున ప్రాకారం కట్టినారు. లోపల ఉన్నది బయలు నేల, దాని నడుమ ఒక చిన్న వాగు. మొదట దాని వైశాల్యం 16.5 ఎకరాలు. తరువాత 26.5 ఎకరాలకు పెంచినారు. సుమారు 10,000 మందికి ఉద్దేశించిన ఆ స్థలంలో 1864 ఆగస్టు నాటికి 32,000కు పైగా బందీలు చేరినారు.

ప్రాకారానికి లోపలివైపున సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటిపై సన్నని కర్రలు అడ్డంగా కొట్టినారు. చిన్నపిల్లవాడు సైతం దాటగల కంచె అది. దాని పేరే ‘డెడ్ లైన్’. ప్రాకారం మీది మంచెలలో కావలివారు తుపాకులతో కూర్చుండి ఉందురు. ఆ కర్రను దాటినవానిని, దానిపై చేయి వేసినవానినికూడ కాల్చివేయుటకు వారికి అనుమతి ఉండెను. 1864 మే నెలలో పర్యవేక్షణకు వచ్చిన దక్షిణాది అధికారి ఒకరు తన నివేదికలో ఈ పేరును, ఈ శిక్షను స్పష్టంగా పేర్కొన్నాడు. కనుక ఇది తరువాతివారు అల్లిన కథ కాదు. ఆనాటి ప్రభుత్వ పత్రాలలో నమోదైన మాట.

ఈ ఏర్పాటులోని ఘోరం బోధపడుటకు వాగు సంగతి చెప్పవలెను. వేలమంది త్రాగుటకును, కడుగుకొనుటకును, మలవిసర్జనకును ఆ వాగే దిక్కు. నీరు చెరలోనికి ప్రవేశించు చోట మాత్రమే కొంత తేటగా ఉండెడిది. ఆ చోటు మరణరేఖకు ఆనుకొని ఉన్నది. దోసెడు మంచినీటికై చేయి చాచి ఆ కర్ర క్రిందికి వంగినవారు తుపాకికి గురియైన సంగతులను బ్రతికి బయటపడిన బందీలు తమ జ్ఞాపకాలలో వ్రాసినారు. అయినను తుపాకి కంటె ఎక్కువమందిని చంపినవి విరేచనాలు, స్కర్వీ వ్యాధి, ఆకలి. పదునాలుగు నెలల కాలంలో ఆ చెరలో ప్రవేశించిన సుమారు 45,000 మందిలో ఇంచుమించు 13,000 మంది మరణించినారు.

డోరెన్స్ అట్‌వాటర్ అను బందీని అధికారులు మరణాల పట్టిక వ్రాయుటకు నియమించినారు. ఈ పేర్లు పోయినచో ఆ కుటుంబాలకు ఏనాటికిని వార్త తెలియదని తలచి అతడు ఆ పట్టికకు రహస్యంగా ఒక నకలు వ్రాసి దాచుకొన్నాడు. యుద్ధానంతరం 1865లో క్లారా బార్టన్ అను సేవికతో కలిసి మరల ఆ స్థలానికి పోయినాడు. ఆ పట్టికల సహాయంతో సమాధులకు పేర్లు పెట్టినారు. పేరు తెలియక మిగిలినవి సుమారు 460 మాత్రమే. చెర అధికారి హెన్రీ విర్జ్‌ను సైనిక న్యాయస్థానం విచారించి 1865 నవంబరు 10న ఉరితీయించినది. ఆ విచారణ వార్తలు పత్రికలలో విరివిగా ప్రచురింపబడుటచే ‘డెడ్ లైన్’ అను మాట అమెరికా అంతటికిని పరిచితమైనది. ఇట్టి గీతలు ఉత్తరాదివారి చెరలలోను ఉండెననుట న్యాయదృష్టితో గమనింపవలసిన విషయం.

ఇచ్చట మన పాఠకులకు లక్ష్మణరేఖ గుర్తుకు రావచ్చును. వాల్మీకి రామాయణంలో ఆ రేఖ కనిపించదు. తరువాతి రామాయణాలలోను, జనుల నోటను అది ప్రసిద్ధమైనది. రెండును దాటరాని గీతలే. కాని ఒకటి లోపల ఉన్నవారిని కాపాడుటకు గీసినది, రెండవది లోపల ఉన్నవారిని చంపుటకు గీసినది. పోలిక కనబడినప్పుడు భేదాన్నికూడ చూచుట మంచిది.

స్థలం నుండి కాలానికి

యుద్ధం ముగిసిన తరువాత పదం చెరలో ఉండిపోలేదు. దాటరాని హద్దు అను సామాన్యార్థం దానికి ఏర్పడినది. 1880లో న్యూయార్కు నగరంలో థామస్ బైర్న్స్ అను పోలీసు అధికారి ఫుల్టన్ వీధిని హద్దుగా నిర్ణయించి, పేరుపడిన దొంగలు దానికి దక్షిణంగా, అనగా బ్యాంకులు ఉన్న దిశగా, కనిపించినచో పట్టుకొనవలెనని ఆజ్ఞాపించినాడు. ఆ హద్దునుకూడ ‘డెడ్ లైన్’ అనియే పిలిచినారు. ఇక్కడ శిక్ష చావు కాదు, నిర్బంధం. అర్థం అప్పటికే మెత్తబడినది. అయినను గీత ఇంకను నేల మీదనే ఉన్నది.

కాలార్థం పత్రికా కార్యాలయాలలో ఏర్పడినది. ఇరువదవ శతాబ్దం రెండవ దశకానికి అమెరికా విలేఖరులు, ఏ వేళ దాటినచో వార్త ఆనాటి పత్రికలో చేరదో ఆ వేళను ‘డెడ్‌లైన్’ అనుచుండిరి. 1920లో వెలువడిన ‘డెడ్‌లైన్ ఎట్ ఎలెవెన్’ అను చలనచిత్రం పత్రికా కార్యాలయపు కథ. చిత్రానికి పేరుగా పెట్టదగినంతగా ఆ మాట అప్పటికి వాడుకలో ఉన్నదన్నమాట. పత్రికల నుండి అది వ్యాపారానికి, ప్రభుత్వ కార్యాలయాలకు, విద్యాలయాలకు వ్యాపించినది.

ఆ కాలంలోనే ముద్రాపకుల భాషలో మరియొక ‘డెడ్ లైన్’ ఉన్నది. అచ్చుయంత్రపు బల్ల మీద ఒక గీత ఉండును. ఆ గీతకు వెలుపల పేర్చిన అక్షరాలు కాగితం మీద సరిగా పడవు. విలేఖరులు ఈ గీత నుండి మాటను తీసికొన్నారా, లేక చెర నుండి వచ్చిన ‘దాటరాని హద్దు’ అను అర్థాన్ని గడియారానికి అన్వయించినారా? నిఘంటుకారులు రెండు మార్గాలను పేర్కొనుచున్నారు. ఒకదానిని నిశ్చయంగా త్రోసివేయుటకు తగిన లిఖిత సాక్ష్యం లభింపలేదు. అండర్సన్‌విల్ కథ హృదయాన్ని కదిలించును. అచ్చుయంత్రపు గీత కథ చప్పగా ఉండును. కాని కథ హృదయాన్ని కదిలించినంత మాత్రాన సాక్ష్యానికి బలం పెరగదు. పదం పుట్టుటకు చెర సాక్ష్యం ఉన్నది. అర్థం మారిన మార్గం మాత్రం రెండు దారులుగా ఉన్నది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటే శాస్త్రం.

వ్రాతలోని మార్పునుకూడ గమనింపవలెను. మొదట రెండు మాటలుగా విడివిడిగా, తరువాత నడుమ అడ్డగీతతో, చివరకు ఒకే మాటగా వ్రాసినారు. ఆంగ్లంలో అనేక సమాసాలు ఈ మూడు మెట్లు ఎక్కినవి. ‘టుడే’, ‘టుమారో’ అనువాటిని ఇరువదవ శతాబ్దం ఆరంభంలో సైతం అడ్డగీతతో వ్రాయుచుండిరి. అడ్డగీత పోయినదనగా మాట్లాడువారు దానిని రెండు మాటలుగా తలచుట మానినారని అర్థం. మనం ‘డెడ్‌లైన్’ అన్నప్పుడు చావును తలపకపోవుటకు కారణం ఇదియే.

ఇంపైన అబద్ధాలు

పదాల పుట్టుకను గూర్చి మన విద్యార్థులలో ప్రచారంలో ఉన్న కథలు కొన్ని కలవు. ‘న్యూస్’ అను మాట నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అను నాలుగు దిక్కుల మొదటి అక్షరాలతో ఏర్పడినదని చెప్పుట వాటిలో ఒకటి. సామాన్య విజ్ఞాన పుస్తకాలలోనికి సైతం ఇది ఎక్కినది. నిజానికి ‘న్యూ’ అనగా కొత్త, దానికి బహువచనం ‘న్యూస్’, అనగా కొత్త సంగతులు. ఫ్రెంచి భాషలో వార్తలకు ‘నూవెల్’ అనుటయు కొత్తవి అను అర్థంతోనే. పూర్వకాలంలో మొదటి అక్షరాలతో మాటలు కూర్చు అలవాటు చాల అరుదు. ఆ పద్ధతి విశేషంగా ప్రబలినది ఇరువదవ శతాబ్దంలోనే. కాబట్టి పాత మాటకు ఇట్టి కథ చెప్పినప్పుడు వెంటనే అనుమానింపవలెను.

మన భాషలలో గడువు

ఇక మన మాటలను చూతము. తెలుగులో ‘గడువు’ అను పదం గడచు, గడపు అను క్రియలకు చుట్టం. కాలం గడచిపోవునది అను ఎరుక దానిలో ఉన్నది. సంస్కృతం నుండి వచ్చిన ‘అవధి’లో ‘అవ’ అను ఉపసర్గ, ‘ధా’ ధాతువు ఉన్నవి. ఉంచబడినది, నిర్ణయింపబడినది అని భావం. ‘అవధానం’ పుట్టినది ఆ ధాతువు నుండియే. హద్దును ఉంచుటయు, మనస్సును ఉంచుటయు ఒకే మూలం నుండి వచ్చినవి.

‘వాయిదా’ చరిత్ర మరింత ఆసక్తికరమైనది. అరబ్బీ భాషలో ‘వఅద’ అనగా మాట ఇచ్చుట. పారసీకం ద్వారా ‘వాదా’ రూపంలో అది ఉర్దూకు వచ్చినది. ఉర్దూలో నేటికిని దాని అర్థం వాగ్దానమే. తెలుగులో అది ‘వాయిదా’ అయి, చెల్లింపునకు మాట ఇచ్చిన రోజు అను అర్థం పొందినది. పిదప ఒక్కొక్క రోజున చెల్లించు మొత్తం అను అర్థాన్ని, చివరకు మరొక రోజుకు త్రోయుట అను అర్థాన్ని పొందినది. మాట ఇచ్చుట అను పదమే పనిని వెనుకకు త్రోయుటను తెలుపు పదంగా పరిణమించుట మానవ స్వభావానికి మంచి వ్యాఖ్యానం! కాలపరిమితికి ఉర్దూలో వాడు ‘మీఆద్’ అను మాటయు ఆ అరబ్బీ ధాతువు నుండియే పుట్టినది. ‘హద్దు’, ‘తారీఖు’, ‘ఆఖరు’ అనునవికూడ అరబ్బీ నుండి వచ్చి తెలుగు పల్లెలలో స్థిరపడినవే.

ఈ మాటలను గూర్చి ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ‘ఇది అన్యదేశ్యం, అచ్చమైన తెలుగు కాదు’ అని విన్నప్పుడు ఉర్దూ ఇంటి నుండి వచ్చిన విద్యార్థి తన నాలుకను గూర్చి సంకోచపడుట మేము చూచినాము. ఆ సంకోచానికి ఆధారం లేదు. సి. పి. బ్రౌను 1854లోనే ఇట్టి మాటలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు కూర్చినాడు. ఏ పదం అయినను వాడువారి చేతిలో పెరిగి వారిది అగును. అవిసె దారం ఆంగ్లేయుని గీత అయినది. అరబ్బీ వాగ్దానం తెలుగు రైతు వాయిదా అయినది. తన ఇంటి భాష తెలిసినవానికి తెలుగులోని ఈ మాటల లోతు మరింత బాగుగా తెలియును. అది లోపం కాదు, అదనపు సాధనం.

మూడు భాషలు ఒకే విషయాన్ని మూడు విధాలుగా చూచినవి. తెలుగు గడచిపోవు కాలాన్ని చూచినది. అరబ్బీ ఇచ్చిన మాటను చూచినది. ఆంగ్లం తుపాకి ఎదుట గీసిన గీతను చూచినది.

అట్లని ‘డెడ్‌లైన్’ అను మాటను వాడరాదని మా అభిప్రాయం కాదు. పదం నేటి అర్థాన్ని దాని పుట్టుక శాసింపజాలదు. శాసించుననుకొనుట పదచరిత్ర చదువువారికి తరచుగా కలుగు భ్రమ. కాని పుట్టుక తెలిసికొనుట వలన, మనం తేలికగా పలుకు మాట వెనుక పేర్లతో సమాధులలో ఉన్న వేలాది మనుష్యులు ఉన్నారను ఎరుక కలుగును. భాషాధ్యయనం వలన మనకు లభించు సంస్కారం అదియే.

విద్యార్థులు స్వయంగా పదాలను పరిశీలింపదలచినచో నాలుగు నియమాలు పాటింపవలెను. మొదట పదాన్ని అవయవాలుగా విడదీసి ఒక్కొక్కదాని మూలం నిఘంటువులో చూడవలెను. రెండవది, అది మొదట ఏ సంవత్సరంలో, ఏ అర్థంలో వ్రాతలో కనిపించినదో తెలిసికొనవలెను. మూడవది, అర్థం మారినచోట ఆ మార్పునకు నడుమనున్న మెట్టును వెదకవలెను. నాలుగవది, కథ ఎంత ఇంపుగా ఉన్నచో సాక్ష్యాన్ని అంత గట్టిగా అడుగవలెను. కళాశాల గ్రంథాలయంలోని నిఘంటువుల సహాయంతో ‘దరఖాస్తు’, ‘హాల్‌టికెట్టు’ అను రెండు మాటలతో ఈ పని ఆరంభింపవచ్చును. మొదటిది పారసీకం నుండి, రెండవది ఆంగ్లం నుండి వచ్చినవి. రెండును మనవే.